26క్యూబీలో పాన్ తప్పు పడితే నన్ను గట్టెక్కించిన ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసు గురించి

గుంటూరు అరండల్‌పేటలో మొదటి అంతస్తులో ఉండే చిన్న ఆఫీసు ఇది. ఒక టేబుల్, రెండు కంప్యూటర్లు, గోడ పొడవునా ఫైళ్లు. పేరు రాయొద్దని ఆయనే అడిగారు, ఉన్న క్లయింట్లకే సమయం చాలడం లేదట, అందుకే రాయడం లేదు. అయినా ఇంత వివరంగా చెప్తున్నానంటే, ఫ్లాట్ కొనుక్కున్నవాళ్లలో నాలాగా ఇరుక్కున్నవాళ్లు చాలామంది ఉంటారు, ఈ పనికి ఎలాంటి మనిషి దగ్గరికి వెళ్లాలో వాళ్లకి తెలియాలి.

ముందు జరిగింది చెప్తాను. 2025 ఫిబ్రవరిలో ఒక ఫ్లాట్ కొన్నాను, 72 లక్షలు. అమ్మినవాళ్లు భార్యాభర్తలు, ఇద్దరి పేరునా ఉంది, చెరి సగం. 50 లక్షలు, ఆ పైన విలువున్న స్థిరాస్తి కొంటే, కొనేవాళ్లే అమ్మేవాళ్లకి ఇచ్చే డబ్బులోంచి ఒక శాతం పన్ను (టీడీఎస్) పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. ఒక్కొక్కరి వాటా 36 లక్షలే కదా, 50 దాటలేదు కదా అని మా బంధువు ఒకాయన అన్నాడు కానీ, 2024 అక్టోబర్ 1 నుంచి అమ్మేవాళ్లు ఎంతమంది ఉన్నా మొత్తం ధరే లెక్క అని చట్టంలోనే స్పష్టం చేశారు. కాబట్టి ఇద్దరికీ చెరో 36 వేలు పట్టుకుని రెండు 26క్యూబీ ఫామ్‌లు (అప్పట్లో ఆ పన్ను కట్టేటప్పుడు నింపేవి) వేయాల్సి వచ్చింది. రిజిస్ట్రేషన్ పనులు చూసిపెట్టిన ఏజెన్సీ (అది వేరే చోట) ఆ ఫామ్‌లు కూడా మేమే వేస్తామంది, సరే అన్నాను. గడువు మార్చి 30, దానికి రెండు వారాల ముందే డబ్బు కట్టేశాం, రసీదులు ఫైల్లో పెట్టుకుని మర్చిపోయాను.

జూన్‌లో మేడమ్‌గారు, అంటే ఫ్లాట్ అమ్మిన దంపతుల్లో భార్య, ఫోన్ చేశారు. రిటైరైన టీచరు, నన్ను బాబూ అనే పిలుస్తారు. "బాబూ, నా 26ఏఎస్‌లో నువ్వు కట్టిన డబ్బు కనిపించట్లేదట, మావారి దాంట్లో మాత్రం రెండుసార్లు కనిపిస్తోందట, ఏమైంది నాన్నా?" అన్నారు. 26ఏఎస్ అంటే ఒకరి పాన్ మీద జమైన పన్నులు చూపించే స్టేట్‌మెంట్. గుండె జారిపోయింది. రసీదులు తీసి చూస్తే రెండు ఫామ్‌లలోనూ ఆమె భర్త, మాస్టారి పాన్ నంబరే ఉంది. టైప్ చేసినవాళ్లు మొదటి ఫామ్ చూసి రెండోది నింపినట్టున్నారు. తప్పు ఎవరి చేతిలో జరిగినా ఫామ్ వేసింది నా పేరుతో, ఆమె వాటాలోంచి పట్టుకున్న 36 వేలు ఆమె ఖాతాకి చేరేలా చూడాల్సింది నేను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఏజెన్సీకి ఫోన్ చేస్తే వాళ్లు చెప్పింది ఒకటే: "మేడమ్ పాన్‌తో కొత్తగా ఇంకో ఫామ్ వేసేయండి సార్, పాతది తర్వాత రీఫండ్ తెచ్చుకోవచ్చు." వినడానికి తేలికగానే ఉంది, నేను దాదాపు కట్టేయబోయాను. మా ఆఫీసులో ఒకాయన ఆగమని చెప్పి ఈ అరండల్‌పేట కన్సల్టెంట్ దగ్గరికి పంపించారు.

అపాయింట్‌మెంట్ దొరకడానికే వారం పట్టింది, ఆ వారం టెన్షన్ అంతా ఇంతా కాదు. కానీ కూర్చున్నాక నాతో మాట్లాడటానికి ముందే రెండు రసీదులూ పక్కపక్కన పెట్టి, పెన్సిల్‌తో ఒక్క అక్షరం కింద గీత గీశారు. పాన్‌లో మొత్తం పది అక్షరాలు, మొదట ఐదు ఇంగ్లీషు అక్షరాలు, తర్వాత నాలుగు అంకెలు, చివర ఒక అక్షరం. నాలుగో అక్షరం మనిషా కంపెనీయా చెప్తుంది, వ్యక్తులకైతే పి. ఐదో అక్షరం ఇంటిపేరు మొదటి అక్షరం. మేడమ్‌గారు పెళ్లికి ముందే పాన్ తీసుకున్నారు, కాబట్టి ఆమె కార్డు మీద పుట్టింటి ఇంటిపేరే ఉంది, ఐదో అక్షరం భర్తది వేరు, ఆమెది వేరు. "ఈ ఒక్క అక్షరం చూసి ఉంటే ఆ రోజే దొరికిపోయేదండీ" అన్నారు ఆయన. అప్పటి నుంచి నేను ఎవరి పాన్ రాసినా ఐదో అక్షరం ఇంటిపేరుతో సరిచూసుకుంటున్నాను.

తర్వాత కొత్త ఫామ్ సంగతి. మళ్లీ 36 వేలు కట్టడం ఒక్కటే కాదట. అప్పటికి గడువు దాటి దాదాపు మూడు నెలలు, ఆలస్యంగా వేసిన ఫామ్‌కి రోజుకి 200 చొప్పున రుసుము, అంటే 90 రోజులకే 18 వేలు, అది కాక ఆ 36 వేల మీద నెలకి ఒకటిన్నర శాతం వడ్డీ. డబ్బు సమయానికే కట్టాం, తప్పు పడింది పేరు ఒక్కటే, దాన్ని దిద్దుకునే దారి ఆదాయపు పన్ను శాఖ టీడీఎస్ కోసం నడిపే ట్రేసెస్ వెబ్‌సైట్‌లోనే ఉందని చెప్పారు. ఈ ఒక్క మాట నాకు ఎంత డబ్బు మిగిల్చిందో మీరే లెక్కేసుకోండి. ఇంకో ఫామ్ వేయించి కూడా ఆయన ఫీజు తీసుకోవచ్చు, అలా చేయలేదు.

నాకు బాగా నచ్చింది ఇంకొకటి ఉంది. నా పాస్‌వర్డ్ అడగలేదు. ఏజెన్సీవాళ్లు మొదట్లోనే లాగిన్ వివరాలన్నీ వాట్సాప్‌లో పంపమన్నారు, ఈయన మాత్రం కంప్యూటర్ నా వైపు తిప్పి, "మీరే టైప్ చేయండి, నేను పక్కనుంటాను" అన్నారు. నా పాన్‌తో ట్రేసెస్‌లో ట్యాక్స్‌పేయర్‌గా రిజిస్టర్ అయ్యాను. ఫామ్‌ల మెనూలో కరెక్షన్ కోసం రిక్వెస్ట్ పెట్టాలి, రసీదు మీద ఉన్న అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు, అసెస్‌మెంట్ ఇయర్, రెండు పాన్‌లు అడుగుతుంది. అమ్మినవాళ్ల పాన్ దగ్గర రికార్డులో ఉన్న తప్పు నంబరే ఇవ్వాలి, అప్పుడే పాత ఫామ్ దొరుకుతుంది. ఇంట్లో ఒంటరిగా చేసుకుని ఉంటే నేను కచ్చితంగా అక్కడ సరైన నంబరు కొట్టి, ఫామ్ లేదంటోందని కంగారుపడేవాడిని. రెండు రోజుల తర్వాత స్టేటస్ అవైలబుల్ అని మారింది, అప్పుడు మళ్లీ వెళ్లి పాన్ మార్చి సబ్మిట్ చేశాం. దీనికి ప్రభుత్వానికి ఒక్క రూపాయి కూడా కట్టలేదు.

నాకు డిజిటల్ సంతకం లేదు, మా కేసు అసెసింగ్ ఆఫీసర్ (నా పాన్ ఎవరి పరిధిలో ఉందో ఆ పన్ను అధికారి) ఆమోదం దారిలో వెళ్లింది. ఇక్కడే నాకు తెలియని చిక్కు బయటపడింది. నా మొదటి ఉద్యోగం వైజాగ్‌లో, పాన్ అక్కడే తీసుకున్నాను, ఇరవై ఏళ్లుగా గుంటూరులో ఉంటున్నా నా పాన్ పరిధి మాత్రం ఇంకా అక్కడి ఆదాయపు పన్ను వార్డులోనే ఉంది. మీ పాన్ ఏ ఆఫీసర్ కింద ఉందో ఆదాయపు పన్ను వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు, ముందే చూసుకోండి. ఈయన ఒక కవర్‌లో అన్నీ వరసగా పెట్టి ఇచ్చారు: కరెక్షన్ అక్నాలెడ్జ్‌మెంట్ ప్రింటు, నా పాన్, ఆధార్ కాపీలు, సేల్ డీడ్, డబ్బు కట్టిన బ్యాంకు స్టేట్‌మెంట్, మేడమ్‌గారి పాన్ కాపీ, భార్యాభర్తలిద్దరి సంతకాలతో జరిగింది చెప్పే ఒక ఉత్తరం. ఉత్తరం అవసరం పడకపోవచ్చు కానీ ఉంటే మంచిదన్నారు. రాత్రి రైలెక్కి వైజాగ్ వెళ్లాను. అక్కడి ఆఫీసులో కవర్ తెరిచి ఒక్కో కాగితం చూశారు, ఇంకేమీ అడగలేదు, మధ్యాహ్నానికల్లా బయటికొచ్చేశాను.

మాస్టారికి కూడా ఈయనే ఫోన్ చేసి, ఖాతాలో 72 వేలు కనిపిస్తోంది కదా అని రిటర్న్‌లో అంతా చూపించేయొద్దు, దిద్దుబాటు అయ్యేదాకా ఆగండని చెప్పారు. ఆ ఏడాది రిటర్న్ గడువు సెప్టెంబర్ 15కి పొడిగించడం మాకు కలిసొచ్చింది. ఆగస్టు మొదటి వారంలో మేడమ్‌గారి 26ఏఎస్‌లో 36 వేలు పడింది, ఆమె పాన్‌తో ఫామ్ 16బి (టీడీఎస్ కట్టినట్టు చూపే సర్టిఫికెట్) డౌన్‌లోడ్ చేసి నేనే తీసుకెళ్లి ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని నంబరు అక్షరం అక్షరం చదువుకున్నారు.

లోపాలు కూడా చెప్పాలి. సాయంత్రం ఆరు దాటితే ఫోన్ ఎత్తరు. పని ఎంతవరకు వచ్చిందో వాళ్లంతట వాళ్లు చెప్పరు, మనమే అడగాలి, టెన్షన్‌లో ఉన్న మనిషికి ఇది కష్టం. ఫీజు 2,500 తీసుకున్నారు, ముందే చెప్పారు, అందులో ఒక్క రూపాయి మారలేదు, కానీ రసీదు మాత్రం నేను అడిగాకే ఇచ్చారు. ఐదుకి నాలుగున్నర ఇస్తాను, ఆ అర తగ్గించింది ఫోన్ విషయానికే.

ఉదయం రద్దీగా ఉంటుంది, నాలుగు తర్వాత వెళ్లండి. లిఫ్ట్ లేదు, మెట్లు నిటారుగా ఉంటాయి. మేడమ్‌గారికి మోకాళ్ల నొప్పులు, ఉత్తరం మీద సంతకానికి వచ్చిన రోజు ఆమె కారులోనే కూర్చున్నారు, ఆయనే అట్టా పెన్నూ పట్టుకుని రోడ్డు మీదకి దిగి వచ్చి, ఉత్తరం మొత్తం ఆమెకి చదివి వినిపించి మరీ సంతకం తీసుకున్నారు.