బైబిల్ యాప్ బాగుంది, ఆ స్ట్రీక్ గోలే వద్దు

రేటింగ్ 5కి 3.5. యాప్ పేరు చెప్పను, కింద తిట్లున్నాయి కాబట్టి.

నేను గుంటూరు దగ్గర లూథరన్ ఇంట్లో పుట్టి, సండే స్కూల్లో కంఠత వాక్యాలకి ప్రైజులు కొట్టినవాణ్ణే. హైదరాబాద్ వచ్చి ఉద్యోగంలో పడ్డాక ప్రార్థన ఆగిపోయింది. దేవుడి మీద కోపమేం లేదు, ఒక ఆదివారం గుడి మానేశాను, తర్వాతి వారం వెళ్తే "పోయిన వారం కనబడలేదే" అంటారని అదీ మానేశాను, అలా ఏడేళ్ళు. మా వాళ్ళ భాషలో "చల్లారిపోయాడు". మొన్న డిసెంబరులో ఒక రాత్రి మోకరించాను గానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు, ఏడేళ్ళకి ముందు సారీ చెప్పాలా, ఎంతసేపు చెప్పాలా అని ఆలోచిస్తూనే లేచిపోయి ఈ యాప్ దించుకున్నాను.

తెరవగానే ఏడాదిలో బైబిల్ మొత్తం చదివించే ప్లాన్ అంటగట్టింది. 1189 అధ్యాయాలు, రోజుకి మూడో నాలుగో. జనవరంతా ఆదికాండం, నిర్గమకాండం బాగానే లాగాను. లేవీయకాండం దగ్గర చాలామంది బండి ఆగిపోయినట్టే నాదీ ఆగింది (బలి పశువు కొవ్వు ఎలా కాల్చాలో చదువుతూ మెట్రోలో నిద్రపోయాను, స్టేషన్ దాటిపోయింది). అంతే, 34 రోజుల స్ట్రీక్ (ఒక్కరోజూ మానకుండా వరసగా చదివిన రోజుల లెక్క) కాస్తా సున్నా. పొద్దున్నే ఫోన్లో "మీరు 9 రోజులు వెనకబడ్డారు" అని మెసేజ్. ఈఎంఐ కట్టనివాడికి బ్యాంకు పంపినట్టుంది. దానికి తోడు అందులో ఫ్రెండ్స్ లిస్టు ఒకటి, ఎవరు ఏం చదివారో మిగతావాళ్ళకి కనబడుతుంది. మా చిన్నత్త అందులో ఉంది. పదో రోజు ఫోన్: "ఏరా, ఒంట్లో బాలేదా, చదవట్లేదు?"

యాప్ తీసేద్దామనుకుని సెట్టింగ్స్ కెలికితే స్ట్రీక్, నోటిఫికేషన్లు అన్నీ ఆపేయొచ్చని తెలిసింది. ఆపేశాక మిగిలింది ఆడియో. మార్కులన్నీ దానికే.

తెలుగు ఆడియో చాలా నెమ్మదిగా, మా ఊరి పాస్టరు అయ్యగారు చదివినట్టే ఉంటుంది. పాత తర్జుమాయే కాబట్టి "చెప్పెను, చూచెను" అంటుంటే కాసేపటికి చిన్నప్పటి బెంచీ మీద కూర్చున్నట్టే అనిపించింది. డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకున్నా వస్తుంది. నేను 13వ కీర్తన ఎక్కువ వింటాను, ఆరే వచనాలు, ఇంకెన్నాళ్ళు నన్ను మర్చిపోతావు అని దేవుణ్ణే నిలదీస్తాడు దావీదు. ప్రార్థనలో ఇలా కూడా మాట్లాడొచ్చని సండే స్కూల్లో నాకు ఎవరూ చెప్పలేదు.

ఇంకోటి. లూకా సువార్త 15వ అధ్యాయంలో తప్పిపోయిన కొడుకు కథ, అదే, ఆస్తి పంచుకుని ఇల్లొదిలి, అంతా తగలేసి పందులు మేపుకునే గతికొచ్చినవాడిది, వందసార్లు విని ఉంటాను. ఈసారి ఇయర్‌ఫోన్స్‌లో వింటుంటే ఏదో తేడాగా అనిపించి, వెనక్కి జరిపే బటన్ నొక్కి మళ్ళీ విన్నాను. పందుల దగ్గర కూర్చుని వాడు క్షమాపణ మొత్తం ప్రిపేర్ అవుతాడు కదా, నన్ను నీ కూలివాళ్ళలో ఒకడిగా పెట్టుకో అన్న ముక్కతో సహా. ఇంటికొచ్చి మొదలుపెడతాడు గానీ ఆ కూలి ముక్క దాకా రాకముందే తండ్రి బట్టలు తెమ్మని పనివాళ్ళని కేకేస్తాడు. ఎన్నేళ్ళయిందిరా వెళ్ళి అని అడగడు. ఆ రాత్రి నా సారీ పక్కనపెట్టి, మెట్రోలో స్టేషన్ దాటిపోవడం దగ్గర్నుంచి ఆఫీసు టెన్షన్లు, అమ్మ మోకాళ్ళ నొప్పులు, అన్నీ చెప్పుకున్నాను. పది నిమిషాలు పట్టింది.

లోపాలు ఇంకా ఉన్నాయి. కొన్నిచోట్ల వెనక మ్యూజిక్ మాట వినబడనంత పెద్దగా వస్తుంది. ఒక అధ్యాయం అయ్యాక ఆగదు, పడుకునే ముందు వింటే టైమర్ పెట్టుకోండి, లేకపోతే తెల్లారేసరికి ఎక్కడో యెహెజ్కేలు గ్రంథంలో తేలతారు.

చిన్నత్తని మాత్రం ఫ్రెండ్స్ లిస్టులోంచి ఇంకా తీయలేదు, ధైర్యం చాల్లేదు.