ఎర్ర డీజిలా, మామూలు డీజిలా: మా ట్రాక్టరుతో ఎనిమిదేళ్లు

రేషన్ షాపు నీలి కిరోసిన్ గుర్తున్నవాళ్లకి ఎర్ర డీజిల్ సంగతి చిటికెలో అర్థమవుతుంది. సబ్సిడీ కిరోసిన్ పక్కదారి పట్టకుండా దాంట్లో నీలం రంగు కలిపేవాళ్లు కదా, అమెరికాలో డీజిల్‌కి అదే పని చేస్తారు. రోడ్డెక్కని యంత్రాలు తాగే డీజిల్‌కి ఇక్కడ రోడ్డు పన్ను లేదు. పన్ను కట్టని ఆ డీజిల్‌ని కార్లలో, లారీల్లో పోసుకోకుండా ఎర్ర రంగు కలుపుతారు. పంపు మీద కూడా రాసి ఉంటుంది, పన్ను వర్తించని పనులకే వాడాలి, రోడ్డు బండ్లలో పోస్తే జరిమానా అని. రెడ్ డీజిల్, డైడ్ డీజిల్, ఫార్మ్ డీజిల్, ఏ పేరుతో పిలిచినా ఒకటే.

డాలస్‌కి ఉత్తరాన గంట దూరంలో మాకు 14 ఎకరాలున్నాయి. నేను పుట్టింది గుంటూరు జిల్లాలో, నల్లరేగడిలో. పదివేల మైళ్లు వచ్చి ఇక్కడ భూమి కొంటే, అదే నల్లమట్టి. ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలు, వాన పడితే ఒక్కో బూటుకి కేజీ బంక. వీళ్లు దీన్ని బ్లాక్‌ల్యాండ్ అంటారు. కంచె పక్కన మొలిచే మెస్కీట్ చెట్టు మన సర్కారు తుమ్మకి దాయాది. జాన్సన్ గ్రాస్ అని ఒక మొండి గడ్డి ఉంది, అది జొన్నకి చుట్టం. ఇవన్నీ కోయడానికి, మేకలకి గడ్డి మోపులు మోయడానికి 2017లో కుబోటా ఎల్2501 ట్రాక్టరు కొన్నాను. మూడు సిలిండర్లు, 24.8 హార్స్‌పవర్. 25 లోపే కాబట్టి పొగ ఫిల్టరు, అదే డీపీఎఫ్, దీనికి లేదు. ఇప్పటికి మీటరులో 840 గంటలు. మా పని తీరుకి గంటకి ఇంచుమించు ఒక గ్యాలన్ తాగుతుంది. అంటే ఎనిమిదేళ్లలో 840 గ్యాలన్లు అనుకోండి.

ఇక లెక్క. మామూలు డీజిల్ మీద ఫెడరల్ పన్ను గ్యాలన్‌కి 24.4 సెంట్లు, టెక్సాస్ పన్ను 20 సెంట్లు. కలిపి 44.4. ఈ ఎనిమిదేళ్లూ చుక్క కూడా మామూలు డీజిల్ పోయకుండా ఎర్రదే వాడి ఉంటే నాకు మిగిలేది 373 డాలర్లు. ఏడాదికి 47 డాలర్లన్నమాట. ఇద్దరం ఒకసారి బిర్యానీ తిని, పిల్లలకి పార్సిల్ కట్టించుకొస్తే అయిపోయే డబ్బు. ఈ లెక్క నేను మొదట్లోనే వేసుకోవాల్సింది. వేసుకోలేదు. అందరూ "ట్రాక్టరుంటే రెడ్ డీజిలే" అన్నారు, నేనూ తలూపాను.

కొత్తవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, ఎర్రది నాసిరకమా అని. కాదు. ఒకప్పుడు నిజంగానే తేడా ఉండేది. 2007కి ముందు రోడ్డెక్కని యంత్రాల డీజిల్‌లో గంధకం 5,000 పీపీఎం (పది లక్షల పాళ్లలో 5,000 పాళ్లు) దాకా ఉండొచ్చు. ఆ ఏడాది దాన్ని 500కి దించారు, 2010 నుంచి రోడ్డు డీజిల్ లాగే 15కి తెచ్చారు. ఇప్పుడు ఒకే టెర్మినల్లో (లారీలు సరుకు నింపుకునే పెద్ద డిపోలో), ఒకే ట్యాంకులోంచి వచ్చిన డీజిల్‌కి లారీలో నింపేటప్పుడు రంగు కలుపుతారు, అంతే తేడా. పైగా టెక్సాస్ తూర్పు సగంలో 110 కౌంటీలకి ప్రత్యేక నిబంధన ఉంది. డీజిల్ ఎంత తేలిగ్గా అంటుకుంటుందో చెప్పే అంకె, సీటేన్, 48కి తగ్గకూడదు (దేశంలో చాలా చోట్ల 40 ఉంటే చాలు), పొగ పెంచే ఆరోమాటిక్స్ అనే పదార్థాలు పది శాతం దాటకూడదు. అది ఎర్రదానికీ వర్తిస్తుంది. ఇంజన్ చప్పుడులో, పొగలో, స్టార్టింగ్‌లో ఎనిమిదేళ్లలో నాకు వీసమెత్తు తేడా కనబడలేదు. "ఎర్రది వాడితే పవర్ ఎక్కువ" అనేవాళ్లూ ఉన్నారు, "ఇంజెక్టర్లు పోతాయి" అనేవాళ్లూ ఉన్నారు. రెండూ నమ్మకండి.

తేడా డీజిల్‌లో లేదు. అది మన దగ్గర ఎన్నాళ్లు నిలవ ఉంటుందన్న దాంట్లో ఉంది. ఇది తెలుసుకోవడానికి నాకు మూడేళ్లు పట్టింది.

2018లో వంద గ్యాలన్ల ఇనప ట్యాంకు, దానికో స్టాండు, చేతిపంపు, ఫిల్టరు కొన్నాను. అన్నీ కలిపి 640 డాలర్లు. ఎర్రది ఇంటికి తెప్పించుకోవాలంటే పన్నులు చూసే రాష్ట్ర కంప్ట్రోలర్ ఆఫీసు నుంచి ఒక నంబరు తీసుకోవాలి, అదీ తీసుకున్నాను. డెలివరీ లారీ వచ్చి ట్యాంకు నింపి వెళ్లిన రోజు సొంత బంకు పెట్టుకున్నంత సంబరపడ్డాను. పట్నం నుంచి వచ్చిన స్నేహితులకి తీసుకెళ్లి మరీ చూపించాను. కానీ వంద గ్యాలన్లు మాకు ఏడాదికి సరిపోతాయి. మంచి జాగ్రత్తలో ఉంటే డీజిల్ ఏడాది ఆగుతుందంటారు, ఎండలో నిలబెట్టిన ట్యాంకులో ఆగదు. సగం ఖాళీ అయిన ట్యాంకు పగలు కాలుతుంది, రాత్రి చల్లారుతుంది, లోపలి గాలిలో తేమ గోడలకి చెమట పట్టి అడుక్కి జారుతుంది. డీజిల్‌లో ఐదు శాతం దాకా బయోడీజిల్, అంటే మొక్కల నూనెలతో, కొవ్వులతో చేసిన డీజిల్, పంపు మీద ఏ బోర్డూ లేకుండా కలపొచ్చు, దానికి నీళ్లంటే మహా ఇష్టం. నీళ్లకీ డీజిల్‌కీ మధ్య గీత దగ్గర క్రిములు కాపురం పెడతాయి.

2020 జూన్‌లో గడ్డి కోస్తుంటే ట్రాక్టరు ఇరవై నిమిషాలు బాగా నడిచి, మూలిగి, ఆగిపోయింది. పది నిమిషాలాగి తిప్పితే స్టార్టయింది. మళ్లీ ఇరవై నిమిషాలు, మళ్లీ అదే తంతు. పంపు అనుకున్నాను, గాలి లాగుతోంది అనుకున్నాను. రెండు రోజుల టెన్షన్. మా ట్రాక్టరుకి ఇంధన ఫిల్టరు దగ్గర నీళ్లు పట్టే చిన్న గిన్నె ఉంటుంది. దాంట్లో ఒక ఎర్ర రింగు. నీళ్లు చేరితే ఆ రింగు పైకి తేలుతుంది, అది చూసి మనం గిన్నె విప్పి పారబొయ్యాలి. ఎర్ర రింగు, చుట్టూ ఎర్ర డీజిల్. అది తేలిందో అడుగునుందో ఎలా కనబడుతుంది చెప్పండి? రెండేళ్లుగా రోజూ దాన్ని చూస్తూనే ఉన్నాను, చూడలేదు. గిన్నె విప్పితే అడుగున చెంచాడు నీళ్లు, దాని మీద నల్లటి జిగురు. వేలికి రాసుకుంటే పాత గానుగ మడ్డిలా ఉంది. ఫిల్టరు మార్చాను. ట్యాంకు అడుగు నుంచి మూడు గ్యాలన్ల బురద తీశాను. క్రిములు చచ్చే మందు పోశాను. ఆ చచ్చినవన్నీ వచ్చి కొత్త ఫిల్టరుకి అడ్డం పడ్డాయి, ఇంకో ఫిల్టరు వేశాను.

అది చాలదన్నట్టు 2021 ఫిబ్రవరి. ఆ మంచు తుపాను ఇక్కడున్నవాళ్లెవరూ మర్చిపోరు. డాలస్ ఎయిర్‌పోర్టులో మైనస్ 2 ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో మైనస్ 19. కరెంటు లేదు. చెరువు మీద మంచు పగలగొట్టాలి, మేకలకి మోపు వెయ్యాలి, ట్రాక్టరు కదలదు. గిన్నెలో డీజిల్ చలికి పేరుకున్న నెయ్యిలా ఉంది, కాకపోతే గులాబీ రంగు నెయ్యి. నా ట్యాంకులో ఉన్నది ఆగస్టులో పోయించిన వేసవి డీజిల్. చలికాలం బంకుల్లో అమ్మేది గడ్డకట్టకుండా కలిపి తెస్తారు, నిలవ సరుకుకి ఆ యోగం లేదు. యాంటీజెల్ మందు గడ్డకట్టాక పోస్తే పని చెయ్యదని కూడా ఆ రోజే తెలిసింది. గొడ్డలి పట్టుకుని నడిచి వెళ్లాం.

అయినా నన్ను మార్చింది ఇవేవీ కావు, మా బావమరిది. ఆ తుపానుకి ముందు, 2020 నవంబరులో, హ్యూస్టన్ నుంచి థ్యాంక్స్‌గివింగ్ పండక్కి వచ్చాడు. మాకు ట్రెయిలర్ లాగడానికి డీజిల్ పికప్ ఉంది, ఏదో తేవడానికి అది వేసుకుని బజారుకి బయల్దేరాడు. తిరిగొచ్చి హాయిగా చెప్పాడు: "బావా, బండిలో డీజిల్ లైటు వెలిగింది. షెడ్డులో పసుపు డబ్బా ఉంటే పోసేశా. సాయంత్రం నింపి పెడతాలే." ఇక్కడ డబ్బాల రంగులు వేరే తమాషా. పెట్రోలుకి ఎరుపు, డీజిల్‌కి పసుపు, కిరోసిన్‌కి నీలం. వాడు చూసింది సరైన డబ్బానే. లోపల ఉన్నదే ఎర్రది.

రోడ్డు బండిలో ఎర్ర డీజిల్ దొరికితే ఫెడరల్ జరిమానా వెయ్యి డాలర్లు, లేదా గ్యాలన్‌కి పది డాలర్ల చొప్పున, ఏది ఎక్కువైతే అది. మళ్లీ దొరికితే ఇంకా పెరుగుతుంది. తనిఖీ వాళ్లకి ట్యాంకులోంచి కాస్త తీసి చూసే అధికారం ఉంది. పోసింది ఐదు గ్యాలన్లే కదా అనుకోవడానికి లేదు, ఆ రంగు చాలా గాఢమైనది, కొంచెం కలిసినా తెలిసిపోతుంది. పండగ పూట ఇద్దరం కింద పడుకుని ట్యాంకు ఖాళీ చేశాం. తీసిందంతా ట్రాక్టరుకి పోశాను, వృథా కాలేదు. పికప్ ఫిల్టరు మార్చాను. తర్వాత మూడు ట్యాంకులు మామూలుది నింపి వాడినా, గాజు సీసాలో పట్టి చూస్తే ఇంకా లేత గులాబీ ఛాయ. ఆ నెలంతా ఎక్కడ పోలీసు బండి కనబడినా గుండె గుభేలుమనేది.

దీన్ని తిప్పి చూడండి. మామూలు డీజిల్ ట్రాక్టరులో పోస్తే ఎవరికీ అభ్యంతరం లేదు, అది నేరం కాదు. ఒక డబ్బా రెండిటికీ పనికొస్తుంది. ఎర్రది ఒక్కదానికే. ఇంట్లో డీజిల్ పికప్ ఉండి, ఇద్దరు ముగ్గురు చెయ్యి వేసే షెడ్డు అయితే ఈ ఒక్క కారణం చాలు. ఇంకో అనుమానం చాలామందికి ఉంటుంది, ఎర్ర డీజిల్‌తో ట్రాక్టరుని రోడ్డు మీద పక్క పొలానికి తోలుకెళ్తే పట్టుకుంటారా అని. దానికేం భయం లేదు, పొలం ట్రాక్టరు రోడ్డు బండి కింద లెక్కకి రాదు.

డెలివరీ మానేశాక కొన్నాళ్లు డబ్బాల్లో ఎర్రది తెచ్చి చూశాను. మాకు దగ్గర్లో అది అమ్మే పంపు 22 మైళ్లు. ధర మామూలు దానికంటే ముప్ఫై సెంట్లే తక్కువ. పన్ను తేడా మొత్తం మన జేబులోకి రాదు, తక్కువ సరుకు అమ్మేవాడు కాస్త ఎక్కువ వేసుకుంటాడు. రెండు డబ్బాలకి మిగిలేది మూడు డాలర్లు. పోను రాను 44 మైళ్లకి పికప్ తాగేది దాదాపు మూడు గ్యాలన్లు. మా ఆవిడ ఈ లెక్క ఫ్రిజ్ మీద రాసి అంటించింది.

2021 వేసవి నుంచి మామూలు డీజిలే. నాలుగు మైళ్లలో పెద్ద లారీలు ఆగే బంకు ఉంది, అక్కడ సరుకు నాలుగు రోజులు కూడా నిలవ ఉండదు. రెండు ఐదు గ్యాలన్ల డబ్బాలు, అంతకు మించి ఇంట్లో ఉంచను. ట్రాక్టరు ట్యాంకు మాత్రం పని అయ్యాక నింపి పెడతాను, లోపల చెమట పట్టకుండా. నాలుగేళ్లలో ఫిల్టరు మార్చింది పుస్తకంలో రాసిన గంటలకే.

కట్టిన పన్ను కొంత వెనక్కి కూడా వస్తుంది. పొలం పనికి వాడిన మామూలు డీజిల్ మీద ఫెడరల్ పన్నులో గ్యాలన్‌కి 24.3 సెంట్లు ఫారం 4136 మీద క్లెయిమ్ చేసుకోవచ్చు. వ్యవసాయం లాభం కోసం చేస్తూ ఉండాలి, ఇంటి ముందు గడ్డి కోసింది లెక్కలోకి రాదు. నేను గంటల పుస్తకం, రసీదులు పెట్టుకుంటాను. పోయినేడాది 70 గ్యాలన్లకి 17 డాలర్ల ఒక సెంటు వచ్చింది. మా పన్ను లెక్కలు చూసే సీపీఏ ఆ కాగితం నింపుతూ నవ్వాపుకోలేకపోయాడు.

మరి ఎర్రది ఎవరికి? మా కంచె అవతల పెద్దాయనకి. 600 ఎకరాల గడ్డి, మూడు పెద్ద ట్రాక్టర్లు, ఏడాదికి మూడు వేల గ్యాలన్లు. ఆయనకి మిగిలేది 1,332 డాలర్లు. ట్యాంకు నీడలో ఉంటుంది, రెండు నెలల్లో ఖాళీ అవుతుంది, నీళ్లు పట్టే టైమే ఉండదు. ఆయన పికప్ పెట్రోలుది. మన తెలుగువాళ్లు పన్ను తగ్గుతుందని పది, ఇరవై ఎకరాలు కొని తేనెపెట్టెలు పెట్టో, గడ్డి కోయించో వ్యవసాయ భూమి చూపించుకుంటున్నారు. వాళ్లలో చాలామంది పెద్దాయన సలహా విని నాలాగే ట్యాంకు కొంటున్నారు. ఆయన సలహా ఆయనకి సరైనదే. ఏడాదికి మూడు నాలుగు వందల గ్యాలన్లు దాటని వాళ్లు మాత్రం ట్యాంకు జోలికి పోకండి.

నా ట్యాంకు పెద్దాయన కొడుకే 200 డాలర్లకి పట్టుకెళ్లాడు. అడుగు కడిగి ఇచ్చాను. ఇప్పుడు ట్రాక్టరు గిన్నెలో డీజిల్ లేత పసుపు, ఎర్ర రింగు అడుగునే కూర్చుని స్పష్టంగా కనబడుతుంది.