రాళ్ల వానకు బడి కప్పు: స్లాబా, సిమెంటు రేకులా, ఇనుప రేకులా?

మా వైపు వడగళ్లు అనరు, రాళ్ల వాన అంటారు. మార్చి నుంచి మే దాకా, పగలంతా ఎండ మాడ్చి సాయంత్రానికి మబ్బు కమ్మిందంటే చాలు, మామిడి తోట ఉన్నవాళ్లకూ కల్లంలో వడ్లు పోసినవాళ్లకూ టెన్షన్ మొదలవుతుంది. ఆ గడియలో బడి ఎవరికీ గుర్తురాదు. ఒంటిపూట బడి కాబట్టి పిల్లలు మధ్యాహ్నానికే ఇంటికి వెళ్లిపోయి ఉంటారు. ఏప్రిల్ ఆఖరుకు బడికే తాళం పడుతుంది. అందుకే కప్పుకు తగిలిన దెబ్బ జూన్‌లో తలుపు తీసేదాకా బయటపడదు.

నేను హెడ్‌మాస్టరుగా ఉన్న ఒక ఊళ్లో అలాగే తలుపు తీశాను. మూలన పెట్టిన నోటు పుస్తకాల కట్టలు తడిసి ఉబ్బిపోయి, కట్టిన సుతిలి వాటిలోకి దిగిపోయి ఉంది. గదంతా బూజు వాసన. తలెత్తి చూస్తే సిమెంటు రేకులో అరచేయంత కన్నం. సరిగ్గా దాని కింద రెండో తరగతి పిల్లలు కూర్చునే చోటు.

ఆ కన్నమే నాకు కప్పుల గురించి ఆలోచించడం నేర్పింది. ఒక లెక్క ముందు చెప్పాలి. రాయి అడ్డకొలత రెట్టింపైతే బరువు 8 రెట్లవుతుంది. పడే వేగం కూడా పెరుగుతుంది కాబట్టి దెబ్బ సుమారు 16 రెట్లవుతుంది. గోలీకాయంత రాళ్లకు ఏమీ కాని కప్పు నిమ్మకాయంత రాళ్లకు నిలుస్తుందన్న భరోసా లేదు. 2023 మార్చిలో వికారాబాద్ జిల్లా మర్పల్లి దగ్గర నేలంతా తెల్లగా కప్పేసిన రాళ్ల వాన చాలామందికి గుర్తుండే ఉంటుంది. "పోయినేడు తట్టుకుంది కదా సార్" అనే మాటను నేను ఇక ఒప్పుకోను.

సిమెంటు రేకులు చవక, తుప్పు పట్టవు. వీటి మంచి అంతవరకే. ఇనుము దెబ్బకు వంగుతుంది, సిమెంటు రేకు వంగదు, పగులుతుంది. ఏళ్ల తరబడి ఎండకూ వానకూ నానిన రేకు మరీ పెళుసు. కన్నం పడితే కనీసం కనిపిస్తుంది. వెంట్రుకంత పగులైతే కింది నుంచి కనిపించదు, మొదటి ముసురుకు కారుతుంది. 6 మిల్లీమీటర్ల రేకు కింద ఆధారంగా వేసే పైపుల మధ్య దూరం నాలుగున్నర అడుగులు దాటకూడదు. ఖర్చు తగ్గిద్దామని ఒక పైపు మిగుల్చుకున్న చోట రేకు ముందుగా విరుగుతుంది.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఆస్‌బెస్టాస్ అనే రాతినార. చాలా సిమెంటు రేకుల్లో ఇది ఉంటుంది, చూసి పోల్చుకోలేం. ఏ రకం ఆస్‌బెస్టాస్ అయినా క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చి చెప్పింది. రేకు పగిలినప్పుడు రేగే దుమ్ములోనే ప్రమాదం. మనం ఏం చేస్తాం? పిల్లల చేతే ముక్కలు ఏరించి, పొడి చీపురుతో ఊడ్పిస్తాం. దయచేసి ఆ పని చేయించకండి. పెద్దవాళ్లే మాస్కు కట్టుకుని, ముందు నీళ్లు చల్లి, ముక్కల్ని ఇంకా విరగ్గొట్టకుండా మందపాటి సంచిలో మూటకట్టాలి. తరగతి గదికి కొత్తగా సిమెంటు రేకులు వేస్తామని ఎవరైనా అంటే నేను వద్దనే అంటాను.

ఇనుప రేకులకు, అంటే ఇప్పుడు అందరూ వేస్తున్న కలర్ రేకులకు, సొట్టలు పడతాయి కానీ తూట్లు పడటం అరుదు. కాకపోతే కొనేటప్పుడు రంగు చూస్తాం, మందం చూడం. 0.35 మిల్లీమీటర్లదీ 0.50దీ దూరం నుంచి ఒక్కలాగే ఉంటాయి. బడికి 0.50 అడగండి, బిల్లులో రాయించుకోండి. ఈ రేకులకు అసలు శత్రువు రాళ్లతో పాటు వచ్చే ఈదురుగాలి. గోడ దాటి రెండు మూడడుగులు చూరు వదిలితే గాలి అక్కడే పట్టుకుని లేపేస్తుంది. ఒక అడుగు చాలు, అంచున స్క్రూలు దగ్గర దగ్గరగా ఉండాలి. స్క్రూల కింది రబ్బరు వాషర్లు ఎండకు గట్టిపడి చిట్లుతాయి, వాటిని మారుస్తూ ఉండాలి. వాన పడితే పాఠం వినపడదు, ఎండకు గది కాగిపోతుంది. కింద సీలింగ్ వేయిస్తే రెండూ తగ్గుతాయి. వెలుతురు కోసం మధ్యలో వేసే ప్లాస్టిక్ రేకు మాత్రం వద్దు. ఎండకు పెళుసెక్కి, రాళ్ల వానకు ముందుగా పోయేది అదే.

పెంకుల కప్పు పగిలిన పెంకు వరకు మార్చుకోవచ్చు, కానీ నేసేవాళ్లు ఇప్పుడు దొరకడం కష్టం. గడ్డి కప్పుకు రాళ్ల దెబ్బ లెక్కే కాదు. అయినా 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణం ఊళ్లో బడి పూరికప్పుకు నిప్పంటుకుని 94 మంది పిల్లలు పోయారు. ఆ తర్వాత దాని ఊసెత్తకూడదు.

ఇక స్లాబు. తరగతి గదికి నా ఓటు దీనికే. నాలుగైదు అంగుళాల కాంక్రీటును రాళ్లు ఏమీ చేయలేవు. దెబ్బ ఇంకో దారిన వస్తుంది. శిశిరంలో రాలిన వేపాకు స్లాబు మీద పేరుకుని ఉంటుంది. రాళ్ల వాన దాన్ని నీళ్ల గొట్టం దగ్గరికి తోసి, పైన మంచు బిరడా కొడుతుంది. పిట్టగోడ లోపల నీళ్లు నిలుస్తాయి. 24 అడుగులకు 20 అడుగుల గది మీద 10 సెంటీమీటర్ల నీళ్లు నిలిచాయంటే నాలుగున్నర టన్నుల బరువు. లోపల చువ్వలు తుప్పుపట్టి పెచ్చులూడుతున్న పాత స్లాబుకు అది చిన్న బరువు కాదు. కాబట్టి స్లాబు పోసేటప్పుడే వాలు, నాలుగంగుళాల గొట్టాలు కనీసం రెండు, వాటికి బోర్లించిన గిన్నెలాంటి జాలీ మూతలు, పిట్టగోడలో కాస్త ఎత్తున ఇంకో కన్నం పెట్టించాలి. ఒక గొట్టం మూసుకుపోయినా నీళ్లకు దారి ఉంటుంది.

స్లాబుకు డబ్బు చాలని చోట గదులకు స్లాబు, వంట షెడ్డుకూ సైకిళ్ల షెడ్డుకూ మందపాటి ఇనుప రేకులు సరిపోతాయి. పాత సిమెంటు రేకులు ఈ ఏడాదికి మార్చలేమంటే కనీసం వాటి కింద ఇనుప జాలీ బిగించండి. ముక్క ఊడినా పిల్లల నెత్తిన పడదు. ఇవన్నీ ఫిబ్రవరిలో అయిపోవాలి. జూన్‌లో పెట్టే ఖర్చులో సగం తడిసిన సామానుకే పోతుంది.

ఆ కన్నం చూసిన మరుసటి ఏడాది నుంచి సెలవులకు తాళం వేసేటప్పుడు ఒక తాళంచెవి వంట చేసే అక్కకు ఇచ్చేవాణ్ణి, ఆమె ఇల్లు బడి ఎదురుగానే. రాళ్ల వాన పడిన మర్నాడు పొద్దున్నే వెళ్లి, ఒక్కో గదీ తీసి, నేల తడిగా ఉందేమో చూసి ఫోన్ చేసేది.