వాంపైర్ డైరీస్, టీన్ వుల్ఫ్: ముందు ఏది చూడాలి?

సమయం: రెండూ అమెరికన్ టీవీ సిరీస్‌లు. ‘ది వాంపైర్ డైరీస్’ 8 సీజన్లు, 171 ఎపిసోడ్లు. ‘టీన్ వుల్ఫ్’ 6 సీజన్లు, సరిగ్గా 100. రెండూ 2017లోనే ముగిశాయి.

పాత్రలు: ‘వాంపైర్ డైరీస్’ జరిగే ఊరు మిస్టిక్ ఫాల్స్‌లో కథంతా ఎలీనా చుట్టూ, ఆమెను ప్రేమించే సాల్వటోర్ అన్నదమ్ముల చుట్టూ తిరుగుతుంది. నాకు మాత్రం ఎలీనా స్నేహితురాలు కెరొలైన్ అంటేనే ఇష్టం. మొదట్లో అసూయపరురాలిగా కనిపించిన ఆ అమ్మాయి, రక్తపిశాచిగా మారాక అందరికన్నా నిబ్బరంగా నిలబడుతుంది. ‘టీన్ వుల్ఫ్’ జరిగే ఊరు బీకన్ హిల్స్‌కు ప్రాణం స్నేహం: తోడేలు మనిషిగా మారిన స్కాట్, ఏ శక్తీ లేని స్టైల్స్. మూడో సీజన్‌లో నోగిట్సునే అనే దుష్టాత్మ స్టైల్స్‌ను ఆవహిస్తుంది. అంతవరకు నవ్వించిన ముఖమే భయపెడుతుంది. స్టైల్స్‌గా డిలన్ ఓబ్రయన్ నటన అక్కడ శిఖరానికి చేరింది.

శ్రమ: మొదటిదానిలో ఎలీనా, కేథరిన్ ఇద్దరిదీ ఒకే ముఖం; ఏమరుపాటుగా చూస్తే తికమకే.

నిరాశ: ఆరో సీజన్ తర్వాత ఎలీనాగా నటించిన నీనా డోబ్రెవ్ తప్పుకున్నారు, ముగింపు ఎపిసోడ్‌కు తిరిగి వచ్చినా మధ్యలో వెలితి తెలుస్తుంది. టీన్ వుల్ఫ్‌లో నాలుగో సీజన్ నుంచి స్కాట్ ప్రేమించిన ఆలిసన్ ఉండదు.

ప్రేమలోని నలుగుబాటు కావాలంటే, తీరిక కూడా ఉంటే మిస్టిక్ ఫాల్స్. పరీక్షల మధ్య రోజుకొక ఎపిసోడ్ చూసేవారికి, స్నేహితుల కథ కోరేవారికి బీకన్ హిల్స్.