గర్భసంచి తీసేయాలన్నారా? వీడియో, వెబ్ పేజీ, వాట్సాప్ గ్రూపు, చాట్‌బాట్: ఏది మేలు?

2015-16 నాటి నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశమంతా కలిపి 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. ఇంతమందికీ ఆపరేషన్ తప్పనిసరి అయిందంటే నమ్మడం కష్టం. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

అయితే "గడ్డ ఉంది, పిల్లలు పుట్టేశారు కదా, తీసేస్తే పోతుంది" అన్న మాట విని ఇంటికి వచ్చిన మహిళ ఆ మార్గదర్శకాల కోసం వెతకదు. ఫోను తీసి, మైకు గుర్తు నొక్కి, "గర్భసంచిలో గడ్డ ఉంటే క్యాన్సర్ వస్తుందా" అని అడుగుతుంది. భయంతో అడిగిన ప్రశ్నకు భయపెట్టే జవాబులే ముందు వరుసలో వస్తాయి. అదే, గర్భసంచి గడ్డలకు డాక్టర్లు వాడే పేరుతో "ఫైబ్రాయిడ్లకు ఆపరేషన్ కాకుండా ఏ చికిత్సలు ఉన్నాయి" అని అడిగితే కనిపించేవి వేరు. అందుకే ఎక్కడ వెతకాలన్నదానికన్నా ముందు ఏమని వెతకాలన్నది తేల్చుకోవాలి.

ఎక్కువమంది మొదట చేరేది యూట్యూబ్‌కే. దాన్ని తక్కువ చేయను. చదవడం అంతగా రాని తల్లికి, తెలుగులో బొమ్మ గీసి గర్భసంచి ఎక్కడుంటుందో, అండాశయాలు ఎక్కడుంటాయో చూపించే డాక్టరమ్మ వీడియో చేసే మేలు మరేదీ చేయలేదు. ఇంట్లో ఎవరితోనూ చెప్పుకోలేని తెల్లబట్ట గురించి ఒక డాక్టర్ మొహమాటం లేకుండా మాట్లాడుతుంటే వినడమే సగం ధైర్యం. చిక్కల్లా తర్వాత మొదలవుతుంది. ఒక వీడియో చూస్తే దాని వెంట అలాంటివే పది వస్తాయి. ఎర్ర బాణాలు, "ఈ లక్షణం ఉంటే జాగ్రత్త" అన్న పెద్ద అక్షరాలు, చివర్లో ఏదో ఆస్పత్రి ఫోను నంబరు. ఆపరేషన్ చేసే ఆస్పత్రే ఆపరేషన్ అవసరమా కాదా చెబుతుంటే, ఆ మాటను మరోచోట సరిచూసుకోవాల్సిందే. పైగా ఇరవై నిమిషాల వీడియోలో మనకు కావలసిన ఒక్క వాక్యం ఎక్కడుందో పట్టుకోవడం కష్టం. రెండు వీడియోలను పక్కపక్కన పెట్టి పోల్చడం ఇంకా కష్టం.

రాసిన పేజీలో ఆ సౌకర్యం ఉంది. ఆగవచ్చు, వెనక్కి వెళ్లవచ్చు, ఎవరు రాశారో, ఎప్పుడు సవరించారో చూడవచ్చు. బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ వెబ్‌సైట్‌లో ఫైబ్రాయిడ్ల పేజీ తెరవండి. ఇబ్బంది పెట్టని గడ్డలకు చికిత్సే అక్కర్లేదనీ, ముట్లు ఆగిపోయాక చాలావరకు అవే కుంచించుకుపోతాయనీ అర్థమవుతుంది. రక్తస్రావం ఎక్కువగా ఉంటే ట్రానెక్సామిక్ ఆమ్లం మాత్రలు, హార్మోను విడుదల చేసే లూప్, గడ్డను మాత్రమే తొలగించే శస్త్రచికిత్స, గడ్డకు రక్తం తీసుకెళ్లే నాళాలను మూసే పద్ధతి వరుసగా కనిపిస్తాయి. గర్భసంచి తొలగింపు వాటిలో ఒకటి మాత్రమే. అండాశయాలు కూడా తీసేస్తే మెనోపాజ్, అంటే అండాశయాల హార్మోన్లు ఆగిపోయే దశ, వెంటనే వచ్చేస్తుంది; చిన్న వయసులో అలా జరిగితే ఎముకలు పలచబడే ముప్పు, గుండె జబ్బుల ముప్పు పెరుగుతాయి. అండాశయాలు ఉంచినా మెనోపాజ్ కొన్నేళ్లు ముందే రావచ్చు. ఇవన్నీ ఆపరేషన్ బల్ల మీదికి వెళ్లకముందే తెలియాల్సిన సంగతులు.

లోటు ఏమిటంటే, ఇంత నిదానంగా, నమ్మకంగా రాసిన పేజీలు తెలుగులో చాలా తక్కువ. ఉన్నవాటిలో చాలావరకు యంత్రం అనువదించినవే. రెండు వాక్యాలు చదివేసరికి విసుగు పుడుతుంది. కాబట్టి ఇంగ్లీషు చదవగలిగే కూతురో, కోడలో, అమెరికాలో ఉన్న మేనకోడలో పక్కన కూర్చుని, లేదా ఫోనులో, చదివి చెప్పాల్సి వస్తోంది. ఆ పని చేయగలిగినవాళ్లు దయచేసి చేయండి. మందు కొనిచ్చినంత సాయం అది.

వాట్సాప్, ఫేస్‌బుక్ గ్రూపుల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఆపరేషన్ అయ్యాక ఎన్నాళ్లకు బరువులెత్తారు, ప్రయాణం ఎప్పుడు చేశారు, వేడి ఆవిర్లకు ఏం చేశారు అన్నవి తెలుసుకోవడానికి అనుభవం ఉన్నవారిని మించినవారు లేరు. ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా అన్నది మాత్రం అక్కడ తేల్చుకోకండి. "నేను తీయించేసుకున్నాను, హాయిగా ఉంది" అన్న అక్క అబద్ధం చెప్పడం లేదు. కానీ ఆమె గడ్డ వేరు, ఆమె వయసు వేరు, ఆమె హిమోగ్లోబిన్ వేరు.

అడిగినదానికి మనిషిలా జవాబిచ్చే కంప్యూటర్ ప్రోగ్రాములు, చాట్‌బాట్లు, కొత్తగా వచ్చిన దారి. ఒక పనికి ఇవి నిజంగా బాగా పనికొస్తాయి: స్కానింగ్ రిపోర్టును విడమరచి చెప్పడానికి. "బల్కీ యూటరస్, ఇంట్రామ్యూరల్ ఫైబ్రాయిడ్, నాబోథియన్ సిస్ట్స్" అని మూడు మాటలు చూసి నిద్ర మానుకున్నవాళ్లు ఎందరో. మొదటిది గర్భసంచి కాస్త పెద్దదిగా ఉందని చెప్పడం. కాన్పులైనవారిలో అది మామూలే. రెండోది గోడ మందంలో ఉన్న గడ్డ. అలాంటి గడ్డ క్యాన్సర్ కావడం చాలా అరుదు. మూడోది గర్భాశయ ముఖద్వారంలో జిగురు చేరి ఏర్పడే చిన్న బుడగలు, సాధారణంగా ఏ చికిత్సా అవసరం లేనివి. ఈ మూడు మాటల అర్థం తెలుగులో అడిగితే చాట్‌బాట్ ఓపిగ్గా చెబుతుంది. "ఆపరేషన్ చేయించుకోమంటావా" అని అడిగితే దానికీ ఒక జవాబిస్తుంది, అదీ అంతే ధీమాగా. పరీక్షించి చూడని గొంతు నుంచి వచ్చే ధీమాకు విలువ ఇవ్వకండి. రిపోర్టు ఫొటో పెట్టేముందు పేరు, ఫోను నంబరు, ఆస్పత్రి నంబరు ఉన్న పైభాగం కత్తిరించండి.

మరో మాట. 2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్న మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతమే; పురుషుల్లోనైతే సుమారు సగం మంది వాడామన్నారు. ఇప్పుడు పరిస్థితి మారి ఉండవచ్చు, కానీ భర్త ఫోనులోనో కొడుకు ఫోనులోనో వెతికేవాళ్లు ఇంకా ఉన్నారు. ఏం వెతికారో ఇంట్లోవాళ్లకు కనిపిస్తుందన్న జంకుతోనే ఎన్నో ప్రశ్నలు ఆగిపోతాయి. అలాంటివారికి 104 నంబరు, ప్రభుత్వ ఈ-సంజీవని ఉచిత వైద్య సలహా ఈ నాలుగు దారులకన్నా మేలు. ముట్లు ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపిస్తే మాత్రం వెతుకులాట వద్దు, ఆ వారంలోనే డాక్టర్‌ను కలవండి.

నా తీర్పు ఇది: మాటలు నేర్చుకోవడానికి వీడియో, రిపోర్టు అర్థం చేసుకోవడానికి చాట్‌బాట్, కోలుకునేటప్పుడు గ్రూపు. నిర్ణయానికి రాసిన పేజీ, దాంతోపాటు రెండో డాక్టర్. ఆ రెండో డాక్టర్‌కు ఆపరేషన్ చేసే మొదటి ఆస్పత్రితో సంబంధం ఉండకూడదు. వెళ్లేటప్పుడు స్కాన్ ఫిల్ములు, హిమోగ్లోబిన్ పరీక్ష కాగితం తీసుకెళ్లండి. మందులతో ఎన్ని నెలలు చూడవచ్చు, లూప్ నాకు సరిపోతుందా, గడ్డ ఒక్కటే తీయడం కుదరదా, తప్పక తీయాల్సివస్తే అండాశయాలు ఉంచుతారా అని కాగితం మీద రాసుకుని అడగండి. మొదటి డాక్టర్ ఏమన్నారో, ఈ నాలుగింటికీ జవాబులు విన్న తర్వాతే చెప్పండి.