ఆరేళ్లుగా వాడుతున్న డచ్ ‘పచ్చ పుస్తకం’: పొడుగు మాటలు పలకడానికి ఎంత పనికొచ్చింది

నెదర్లాండ్స్‌లోని ఐంధోవన్ వచ్చిన కొత్తలో మొదలుపెట్టాను, ఇప్పటికి ఆరేళ్లు. డచ్ భాష వ్యవహారాలు చూసే తాల్యూని అనే సంస్థ వాళ్ల పదపట్టిక ఇది. నెట్‌లో ఉచితం. అచ్చుపుస్తకాన్ని ‘ఖ్రూనె బుక్యె’ అంటారు, అంటే చిన్న పచ్చ పుస్తకం. 1954లో తొలిసారి వచ్చింది.

అర్థాల కోసమైతే దీని జోలికి వెళ్లకండి. స్పెల్లింగ్, నామవాచకం ముందు ‘దె’ రావాలా ‘హెత్’ రావాలా (రెండూ ఇంగ్లిష్ ‘the’ లాంటివే), బహువచనం, సిలబుల్స్ మధ్య చుక్కలు, ఇవే ఉంటాయి. నాకు కావలసింది ఆ చుక్కలే. డచ్‌వాళ్లు మాటల మధ్య ఖాళీ వదలకుండా దండ గుచ్చేస్తారు. రెసిడెన్స్ పర్మిట్‌ని ‘ఫెర్‌బ్లైఫ్స్‌ఫెర్‌ఖున్నింగ్’ అంటారు. కౌంటర్లో దాన్ని తెలుగు మాటలా అన్ని అక్షరాలూ సమానంగా పలికితే అక్కడున్న ఆవిడకి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఇంటికొచ్చి చూస్తే ఐదు సిలబుల్స్. ఊనిక (నొక్కి పలకడం, స్ట్రెస్) మాత్రం ‘బ్లైఫ్స్’ మీద.

ఊనిక సంగతి ఈ పట్టికలో దొరకదు, చెవితో పట్టుకోవాల్సిందే. నాకు దొరికిన సూత్రం: మొదటి మాటకి విడిగా ఊనిక ఎక్కడుంటే, సమాసానికీ మామూలుగా అక్కడే. మొదటి సిలబుల్ మీదే అనుకుని నేను చాలాకాలం తప్పు పలికాను. ‘ఖెమేంటె’ (మునిసిపాలిటీ)లో ఊనిక ‘మేన్’ మీద, కాబట్టి ‘ఖెమేంటెహాయిస్’లోనూ అంతే. కానీ అదే మునిసిపల్ భవనానికి ఇంకో పేరైన ‘స్టత్‌హాయిస్’లో ఊనిక చివరి ‘హాయిస్’ మీద పడుతుంది! ‘బూరెన్‌కోల్’ అనే ఆకుకూరలోనూ చివరే.

‘దె’, ‘హెత్’ విషయంలో మన తత్పురుషమే ఆదుకుంది. ఇంటితలుపు అంటే తలుపే కదా, ఇల్లు కాదు. ‘హాయిస్’కి ‘హెత్’, ‘డ్యోర్’కి ‘దె’, అందుకని ‘హాయిస్‌డ్యోర్’కి ‘దె’. ఇల్లు ‘ఇంటి’ అయినట్టే వాళ్లకీ మాటల మధ్య ఒక ‘స్’ లేదా ‘ఎన్’ దూరుతుంది. 1995 సంస్కరణలో ‘పన్నెకూక్’ (వాళ్ల అట్టు) రాతలో ‘పన్నెన్‌కూక్’ అయింది. చాలామంది ఆ ‘న్’ పలకరు.

చుక్కల విలువ తెలియాలంటే ‘క్వార్ట్స్‌లాఖెన్’ చూడండి. ‘క్వార్ట్’ దగ్గర విరిస్తే పావు మలుపులు, ‘క్వార్ట్స్’ దగ్గర విరిస్తే క్వార్ట్జ్ పొరలు. అక్షరాలు అవే.

నిరుడు ఫ్రీలాన్స్ మొదలుపెట్టినప్పుడు ‘ఆర్‌బైట్స్‌ఒన్‌ఖెస్ఖిక్త్‌హైట్స్‌ఫెర్జేకెరింగ్’ అవసరమైంది, పని చేయలేని స్థితి వస్తే ఆదుకునే బీమా. పది సిలబుల్స్. చుక్కలు చూసుకుని, ‘ఆర్’ మీద ఊని, ఫోన్లో చెప్పాను. ఏజెంటు మళ్లీ అడగలేదు.