ఐటీఐ ఎలక్ట్రీషియన్ కోర్సు: వైండింగ్ విభాగంపై ఒక పూర్వ విద్యార్థి సమీక్ష

తిరుపతి జిల్లాలోని ఒక ప్రభుత్వ ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ పూర్తి చేసి, ఆ తర్వాత కొన్నేళ్ళుగా మోటార్ల రీవైండింగ్ (కాలిన తీగ తీసి కొత్త తీగ చుట్టే) పనిలోనే ఉంటూ ఈ సమీక్ష రాస్తున్నాను. పదో తరగతి తర్వాత రెండేళ్ళ కోర్సనీ, ఫీజు నామమాత్రమనీ, చివర్లో దేశమంతటా చెల్లే ధ్రువపత్రం వస్తుందనీ అందరికీ తెలుసు కనుక ఆ వివరాలు వదిలేస్తున్నాను. నేను చెప్పదలచుకున్నది రెండో ఏడాదిలో వచ్చే వైండింగ్ విభాగం గురించి, అందులోనూ అక్కడ పాటించిన ఒకే ఒక నియమం గురించి. కాలిన మోటారులోని పాత తీగను కోయడానికి ముందు దాని వివరాలన్నీ పుస్తకంలోకి ఎక్కించాలి, పుస్తకం మాకు నేర్పే సార్ చూసి సంతకం పెట్టేదాకా ఎవరూ ఉలి పట్టుకోకూడదు. ఈ రోజు నా చేతికి పని దొరుకుతున్నదంటే ఎక్కువ భాగం ఆ నియమం పుణ్యమే.

మా ప్రాంతంలో ఈ పనికి ఉన్న అవసరం బయటివాళ్ళకు వెంటనే అర్థం కాకపోవచ్చు. పాకాల, దామలచెరువు, చంద్రగిరి వైపు పల్లెల్లో సేద్యానికి బోర్లే ఆధారం. నీళ్ళు లోతుకు వెళ్ళేకొద్దీ అవే నీళ్ళు పైకి తేవడానికి ఎక్కువ శక్తి కావాలి. వేసవిలో వోల్టేజి పడిపోతే అదే పని చేయడానికి మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. మూడు ఫేజుల్లో (కరెంటు వచ్చే మూడు లైన్లలో) ఒకటి పోయినా ఆగకుండా మిగిలిన రెండింటి మీదే తిరుగుతూ కొద్దిసేపట్లోనే వైండింగును కాల్చుకుంటుంది. మామిడి కాపు మీదున్నప్పుడో, టమోటా పూత మీదున్నప్పుడో ఇది జరిగితే రైతుకు ఒక్కో రోజూ నష్టమే. అందుకే మా వైపు ఏ చిన్న టౌనుకు వెళ్ళినా వైండింగ్ షాపు కనబడుతుంది, ఎండాకాలంలో అక్కడ మోటార్లు వరుసగా పేర్చి ఉంటాయి. మా నాయన బోరు మోటారు కూడా రెండు మూడేళ్ళకొకసారి ఆ వరుసలో ఉండేది. నేను ఈ ట్రేడ్ తీసుకోవడానికి మొదటి కారణం అదే.

మొదటి ఏడాది గురించి క్లుప్తంగానే చెబుతాను. తీగల జాయింట్లు, హౌస్ వైరింగ్, ఎర్తింగ్, బ్యాటరీలు, ట్రాన్స్‌ఫార్మర్లు బాగానే నేర్పారు. ఉదయం కాట్పాడి వైపు నుంచి వచ్చే ప్యాసింజరు ఆలస్యమైతే పాకాల నుంచి వచ్చే మా అందరికీ హాజరు సమస్య వచ్చేది, దాన్ని సార్లు చాలావరకు అర్థం చేసుకున్నారు. ఆయుధపూజ రోజున వర్క్‌షాపు కడిగి, ప్లయర్లు, మెగ్గర్లు (ఇన్సులేషన్ పరీక్షించే మీటర్లు), డ్రిల్లింగ్ మెషిన్లు అన్నింటికీ పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టి, సీనియర్లూ జూనియర్లూ కలిసి బొరుగులు, శనగలు పంచుకునేవాళ్ళం. ఆ ఒక్క రోజు ఫిట్టర్లు, వెల్డర్లు, మేము అన్న తేడా ఉండేది కాదు.

ఇక వైండింగ్ విభాగం. వర్క్‌షాపు వెనుక వైపు ఒక పొడవాటి గది, అందులో చెక్క ఫార్మాలు (కాయిల్ ఆకారానికి అచ్చులు) బిగించిన చుట్టుడు యంత్రాలు, ఎన్నో బ్యాచ్‌ల చేతులు మారిన స్టేటర్లు (మోటారులో తిరగని బయటి భాగాలు, వాటిలో తీగ దించే గాడులే స్లాట్లు) ఉండేవి. సార్ మొదటి రోజే చెప్పినది ఇది: తీగ చుట్టడం ఎవరైనా నేర్చుకుంటారు, చుట్టినదాన్ని చదవడం నేర్చుకోవాలి. పుస్తకంలో ఏమేమి రాయాలో ఆయనే గీతలు గీయించారు. నేమ్‌ప్లేటు వివరాలు, స్లాట్లెన్ని, కాయిల్ ఏ స్లాటులో మొదలై ఏ స్లాటులో దిగింది, ఒక్కో కాయిల్‌లో చుట్లెన్ని, తీగ మందమెంత, ఒంటి తీగా జంట తీగా, కనెక్షన్ స్టారా (మూడు ఫేజుల చివరలు ఒక్కచోట కలిపినది) డెల్టానా (ఒకదాని చివర మరోదాని మొదలుకు త్రికోణంగా కలిపినది), స్లాటు బయటికి కాయిల్ ఎంత పొడవు వచ్చింది, లీడ్లు ఏ వైపు నుంచి బయటికి తీశారు. చుట్లు ఒక్క కాయిల్‌లో లెక్కపెడితే ఒప్పుకునేవారు కాదు. మూడు కాయిళ్ళు వేర్వేరుగా లెక్కపెట్టి, మూడు అంకెలూ కలిస్తేనే రాయనిచ్చేవారు. తీగ మందం కొలవాలంటే ముందు చివరను కాల్చి తీగ మీది ఎనామిల్ పూత తుడిచి, ఆ తర్వాతే మైక్రోమీటరు పెట్టాలి. ఎనామిల్‌తో కలిపి కొలిస్తే మందం ఎక్కువ చూపిస్తుంది, దాని ప్రకారం కొత్త తీగ తెస్తే స్లాటులో పట్టదు.

ఆ నియమం విలువ నాకు పూర్తిగా తెలిసింది ఒక చెరకు గానుగ మోటారు దగ్గర. బెల్లం వండే కాలంలో, మా సార్‌కు తెలిసిన ఒక రైతు తన గానుగ మోటారు కాలిపోయిందని కాలేజీకే వచ్చాడు. షాపులన్నీ పనితో నిండి ఉన్నాయి. "సార్, ఇంగ రెండు మూడు దినాల్లో మోటారు కావల్ల. నరికిన చెరుకు తోటలోనే ఉండాది" అని అతను అన్న మాట నాకు ఇంకా గుర్తుంది. నరికిన చెరకు ఎండలో పడి ఉంటే రసం తగ్గిపోతుంది, బెల్లం నాణ్యత పడిపోతుంది. తీగ, వార్నిష్ ఖర్చు రైతు పెట్టుకునేటట్టు, పని మేము చేసేటట్టు ప్రిన్సిపాల్ దగ్గర అనుమతి తీసుకుని సార్ ఆ మోటారును మా బల్ల మీద పెట్టించారు. 7.5 హెచ్.పి., నాలుగు పోళ్ళ (అయస్కాంత ధ్రువాల) మోటారు, 36 స్లాట్లు.

మూత విప్పగానే కాలిన వార్నిష్ వాసన గదంతా నిండింది. మాలో ఒకడు ఉలి, సుత్తి అందుకున్నాడు. సార్ వాటిని పక్కన పెట్టించి, "ఇది ఎట్ల కాలిందో ముందు దాన్నే అడగండి" అన్నారు. ఆ మోటారులో కాయిళ్ళు 12 గుంపులుగా ఉన్నాయి, గుంపుకు మూడు. వాటిలో నాలుగు గుంపులు బొగ్గులా నల్లబడి ఉన్నాయి, మిగిలిన ఎనిమిది దాదాపు కొత్తవాటిలా గోధుమ రంగులోనే ఉన్నాయి. నల్లబడిన నాలుగూ ఒక్కచోట లేవు, చుట్టూ సమాన దూరంలో ఉన్నాయి. వాటిని పుస్తకంలో బొమ్మగా గీయించి, ఆ నాలుగూ వైండింగులోని మూడు ఫేజుల్లో (మూడు భాగాల్లో) దేనివో కనెక్షన్ వెంట వేలు పెట్టి మాచేతే కనిపెట్టించారు. నాలుగూ ఒకే ఫేజువి. డెల్టా కనెక్షన్‌లో ఉన్న మోటారుకు ఒక లైను పోతే, మిగిలిన రెండు లైన్ల మధ్య నేరుగా ఉన్న ఫేజు మీద భారమంతా పడి అది ఒక్కటే కాలిపోతుంది. స్టార్ కనెక్షన్ అయితే రెండు ఫేజులు, అంటే ఎనిమిది గుంపులు నల్లబడతాయి. వోల్టేజి తగ్గడం వల్లో, భారం ఎక్కువై నెమ్మదిగా తిరగడం వల్లో కాలితే మూడు ఫేజులూ ఒకేలా మాడతాయి. ఈ మూడు తేడాలూ తరగతిలో బోర్డు మీద చూశాం గానీ, అంత స్పష్టంగా కంటికి కనబడడం అదే మొదటిసారి.

సార్ వెంటనే ఆ రైతును పిలిపించి, మోటారు సంగతి తర్వాత, ముందు లైను చూసుకోమన్నారు. మరుసటి రోజు అతను తిరిగి వచ్చి చెప్పిన విషయం విని మేమంతా ఆశ్చర్యపోయాం. ఫ్యూజు పెట్టెలో ఒక క్యారియర్ (ఫ్యూజు తీగను పట్టుకునే ముక్క) కొస మాడి, పట్టు వదిలి, తగులుతూ తగలకుండా ఉంది. అంతకంటే ముఖ్యంగా, స్టార్టర్‌లో ఓవర్‌లోడ్ రిలే (కరెంటు ఎక్కువైతే మోటారును ఆపే పరికరం) పదేపదే ట్రిప్ అవుతున్నదని ఎప్పుడో ఎవరో దాన్ని తప్పించి నేరుగా తీగ కట్టేశారు. మోటారును కాపాడాల్సిన రిలే అట్లా పనికి రాకుండా పోయింది. మేము ఆ నాలుగు గుంపులను చూడకుండా కోసేసి, చక్కగా చుట్టి ఇచ్చి ఉంటే, మోటారు మళ్ళీ ఆ వారంలోనే కాలి ఉండేది, చుట్టినవాళ్ళ పని బాగాలేదన్న మాట కూడా వచ్చేది. ఎక్కడో గానుగ దగ్గరున్న లోపాన్ని మా బల్ల మీదున్న రాగి తీగలో చదవడం నాకు ఆ రెండేళ్ళలో దొరికిన అన్నింటికంటే పెద్ద సంతోషం. దాన్ని ఇంత వివరంగా రాయడానికి కారణం కూడా అదే.

చుట్టడం కూడా శ్రద్ధగానే చేయించారు. స్లాటులో ఇన్సులేషన్ పేపరు రెండు వైపులా కొద్దిగా బయటికి ఉండేలా దించి, కాయిల్‌ను ఒక్కసారిగా కుక్కకుండా నాలుగైదు తీగల చొప్పున జార్చి, పైన వెదురు బద్ద దించాం. గుంపుకూ గుంపుకూ మధ్య పేపరు పెట్టాం. 36 స్లాట్లు, నాలుగు పోళ్ళు అంటే స్లాటుకూ స్లాటుకూ విద్యుత్ లెక్కలో 20 డిగ్రీలు, ఫేజుకూ ఫేజుకూ 120 డిగ్రీలు అంటే ఆరు స్లాట్లు, కనుక మొదటి ఫేజు ఒకటో స్లాటులో మొదలైతే రెండోది ఏడులో, మూడోది పదమూడులో మొదలవుతాయి. ఈ లెక్క అప్పటినుంచి నాకు కంఠతా వచ్చేసింది. వార్నిష్‌కు ముందు మెగ్గరుతో పరీక్షించి, స్టేటర్ లోపల బల్బులు వేలాడదీసి ఆరబెట్టి, వార్నిష్ పోసి, మళ్ళీ ఆరబెట్టాం. కరెంటు ఇచ్చినప్పుడు, తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచే టాంగ్ టెస్టర్‌లో మూడు లైన్ల రీడింగూ దాదాపు సమానంగా వచ్చింది. పూర్తి భారం మీద సుమారు 11 ఆంపియర్లు తీసుకునే ఆ మోటారు ఖాళీగా తిరిగేటప్పుడు అందులో సగం కూడా తీసుకోలేదు.

ఇక్కడ కొన్ని విషయాలు ఉన్నవి ఉన్నట్టు చెప్పాలి. మా బ్యాచ్ కరెంటు ఇచ్చి తిప్పి చూసిన మోటారు అదొక్కటే. మిగిలిన కాలమంతా పాత తీగనే చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టాం. అలా చుట్టీ విప్పీ ఎనామిల్ లేచిపోయిన తీగకు కరెంటు ఇచ్చే ప్రశ్నే లేదు. కొత్త తీగ కోసం పెట్టిన ఇండెంటు కాగితాల మీదే ఉండిపోయిందని విన్నాం. చుట్టిన మోటారు తిరుగుతుందో లేదో తెలియకుండానే విద్యార్థి బయటికి వెళ్ళడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను. వంట నేర్పి రుచి చూడనివ్వకపోవడం లాంటిది అది.

పైన నియమం అని రాశాను గానీ, అది కాలేజీ నియమం కాదు, ఆ సార్ పెట్టిన నియమం. ఆయన బదిలీ అయ్యాక నా తర్వాతి బ్యాచ్‌ల పిల్లలు మా షాపుకు వచ్చినప్పుడు వాళ్ళ రికార్డు పుస్తకాలు చూశాను. అందరి పుస్తకాల్లోనూ అవే చుట్లు, అదే తీగ మందం, పాత పుస్తకం చూసి రాసినవే.

మరో లోటు ఇంకా పెద్దది. మా పల్లెల్లో ఎక్కువగా కాలేవి బోరులో దిగే సబ్‌మెర్సిబుల్ మోటార్లు. అవి నీళ్ళతో నిండి ఉంటాయి, వాటికి వార్నిష్ ఉండదు. ఎనామిల్ తీగకు బదులు ప్లాస్టిక్ పొరలు చుట్టిన తీగ వాడతారు. ఆ స్టేటర్ సన్నగా, పొడవుగా గొట్టంలా ఉంటుంది, స్లాట్లు మూసుకుని ఉంటాయి కనుక కాయిల్ బయట చుట్టి లోపల పెట్టడం కుదరదు. ఒక్కో చుట్టునూ ఈ చివర నుంచి ఆ చివరకు చేత్తో లాగాలి. ఎక్కడ పొర గీసుకున్నా నీళ్ళు లోపలికి చేరి మోటారు పాడవుతుంది. ఈ పని నాకు కాలేజీలో చేతికి రాలేదు, షాపు నడిపే మా ఊరి అన్న దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. అయితే ఆయన దగ్గర లేనిది నా దగ్గర ఒకటి ఉంది, అదే ఆ పుస్తకం. ఇంతకుముందు ఎవరో తప్పు చుట్లతో చుట్టి, మళ్ళీ కాలిన మోటారు వచ్చినప్పుడు, అదే కంపెనీ అదే మోడల్ అసలు లెక్క నా పుస్తకంలో ఉంటే పని నిమిషంలో తేలిపోతుంది. ఇప్పుడు పక్క షాపులవాళ్ళు కూడా ఫోన్ చేసి అడుగుతుంటారు.

తోటివాళ్ళ సంగతికి వస్తే, అందరికీ ఈ విభాగం ఇంతగా ఉపయోగపడలేదు. మా సీనియర్లలో కొందరు 2019లో గ్రామ, వార్డు సచివాలయాల ఎనర్జీ అసిస్టెంట్ ఉద్యోగాలకు ఎంపికయ్యారు. వాళ్ళకు కావలసి వచ్చింది స్తంభం ఎక్కడం, మీటర్ రీడింగ్. రైల్వే అప్రెంటిస్‌షిప్‌కు పదో తరగతి మార్కులు, ఐటీఐ మార్కులు చూస్తారు గనుక అక్కడ మార్కులే ముఖ్యం. కొందరు శ్రీసిటీ కంపెనీలకు వెళ్ళారు. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఒక అమ్మాయి విషయం. మా బ్యాచ్ మొత్తంలో అంత శుభ్రంగా కాయిల్ దించే చేయి ఆమెదే, గానుగ మోటారు కనెక్షన్లు కూడా ఆమే కలిపింది. తిరుపతిలో ఏ వైండింగ్ షాపూ అమ్మాయిని పనిలోకి తీసుకోలేదు. ఫ్యాక్టరీలో వేరే పనికి వెళ్ళిపోయింది. అలాంటి చేతికి కాలేజీ తరఫున ఎవరైనా ఒక షాపు వెతికి పెట్టి ఉండాల్సింది.

నా వరకు ఈ కోర్సు చాలా మంచిది, మళ్ళీ చేరమన్నా చేరతాను. కానీ ఆ మాట నా పరిస్థితులను బట్టి చెబుతున్నది. ఇంట్లో బోరు ఉంది, రైలు దారి ఉంది, పనిలో పెట్టుకున్న అన్న మా ఊరివాడే, అన్నింటినీ మించి ఆ సార్ ఆ రెండేళ్ళూ అక్కడే ఉన్నారు. వీటిలో ఏది లేకపోయినా నా అభిప్రాయం వేరుగా ఉండేదేమో. వైండింగ్ కోసమే ఈ ట్రేడ్‌లో చేరాలనుకునేవాళ్ళు అడ్మిషన్ కౌన్సెలింగ్‌కు ముందే కాలేజీకి వెళ్ళి, గత ఏడాది విద్యార్థుల వైండింగ్ రికార్డు పుస్తకాలు నాలుగైదు చూపించమని అడగండి. అంకెలు పుస్తకానికీ పుస్తకానికీ వేరుగా ఉన్నాయా, ఈ ఏడాది కొత్త తీగ వచ్చిందా అన్నవి తెలుసుకోండి. రెండింటికీ సరైన జవాబు రాకపోతే, ఊళ్ళో నేర్పే షాపు ఏదైనా ఉంటేనే చేరండి. అదీ లేకపోతే, అదే కాలేజీలో ఉన్న ఫిట్టర్ ట్రేడ్ వర్క్‌షాపు కూడా ఒకసారి చూసి వచ్చాక ఆప్షన్ పెట్టుకోవడం మేలు.